గరిటె కాడ మీది చేప కోసం సముద్రం మీద ఒక రోజు

సముద్రంలో చేపల వేటకని తెప్పను కిరాయికి మాట్లాడుకోవాలని మన ఉదయగిరి వైపు ఎవరికీ తోచదు. మాకూ తోచేది కాదు. మా మామ పెంచలయ్య నర్ది అనే అడవి చెట్టు చెక్కతో గరిటెలు, చెంచాలు చేస్తాడు. నేను ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఎండాకాలం మొదట్లో మద్రాసు నుంచి ఒక సేటు వచ్చి మా సరుకంతా తిరగేసి చూశాడు. గరిటె కాడ మీద మేం చెక్కే చేపను బొటనవేలితో రుద్ది, "ఇది చెరువు చేప. నాకు సముద్రపు చేప కావాలి. డాల్ఫిన్ ఫిష్" అన్నాడు. దాని నుదురు గోడలాగా నిటారుగా ఉంటుందని, వీపు మీద రెక్క నెత్తి నుంచి తోక దాకా ఒకటే సాగుతుందని, ఒళ్ళంతా బంగారు రంగని చేతులు ఊపి చెప్పాడు. మచ్చుకు ఒక గరిటె చేసి పంపిస్తే, అది నచ్చితే, ఏడాది పొడుగునా పని ఇస్తానన్నాడు.

ఆ పని మామకు ఎంత అవసరమో నాకు అంతకంటే ఎక్కువ అవసరం. ఆ ఏడు గిరాకీ లేదు. మామకే పని లేనప్పుడు నాకేం పని ఉంటుంది? మా నాయన సైదాపురం వైపు అభ్రకం గనిలో కూలి చేస్తున్నాడు. ఎండలు తగ్గగానే నన్నూ అక్కడికే తీసుకుపోతానని కబురు పెట్టాడు. ఒకసారి పోయి ఆ గని చూసొచ్చాను. తాడు పట్టుకుని గుంతలోకి దిగాలి, పైకి వచ్చేదాకా ఆకాశం రొట్టెంత కనిపిస్తుంది. నాకు వద్దు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. నేను మామూలుగానే ఎక్కువ మాట్లాడను, కొత్తవాళ్ళ ముందు అసలు నోరు రాదు. లోపల మాత్రం ఒకచోట కాలు నిలిచేది కాదు.

ముందు ఆత్మకూరు సంతకు పోయి ఎండుచేపలు అమ్మేవాళ్ళ దగ్గర చూశాం. ఎండి చెక్కయిపోయిన చేపకు నుదురేం తెలుస్తుంది? అమ్మే ఆమె మామను పైకీ కిందికీ చూసి, "కొంటావా, పెళ్ళిచూపులు చూస్తావా?" అంది. అప్పుడు మామ, సముద్రం దాకా పోయి బతికున్న చేపనే చూడాలని తీర్మానించాడు. బతికున్న చేపను నూలుదారంతో కొలుచుకుని వస్తే చెక్కడం ఎంతసేపని ఆయన ధీమా.

మీరు పోయేటట్టయితే ఉదయగిరిలో పొద్దున పోయే బస్సు ఎక్కండి. వింజమూరు, కలిగిరి మీదుగా కావలి పోతుంది. మేం ఎక్కింది బొగ్గు గ్యాసుతో నడిచే పాత బండి. వెనక డ్రమ్ములో బొగ్గు రాజుకునే దాకా క్లీనరు చక్రం తిప్పుతూనే ఉంటాడు. అంతసేపు నేను కిందికి దిగుతూ, పైకి ఎక్కుతూ ఉన్నాను. డ్రైవరు అది చూసి, "ఏంది పెంచలయ్యా, మీవాడికి కాళ్ళలో చీమలుండాయా? ఆ చక్రం వానికియ్యి, బండన్నా కదుల్తాది" అన్నాడు. నిజంగానే తిప్పాను. కూర్చోవడం కంటే అదే మేలనిపించింది. చార్జీ మనిషికి రూపాయిన్నర లోపే. వింజమూరులో ఇంజనుకు నీళ్ళు పోయడానికి బండి చాలాసేపు ఆగుతుంది. అక్కడ అరటాకు పొట్లాల్లో పులిహోర అమ్ముతారు, కొనుక్కోండి. కలిగిరి దాటిన తర్వాత ఏమీ దొరకదు, దుమ్ము తప్ప. కావలి చేరేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది.

కావలి నుంచి తుమ్మలపెంట సముద్రానికి ఒంటెద్దు బండి దొరుకుతుంది. సముద్రానికి ముందు ఉప్పుకాలువ అడ్డం వస్తుంది, దాన్ని బల్లకట్టు మీద దాటాలి. దాటాక ఇక అంతా ఇసుకే. చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాం. సముద్రాన్ని నేను అంతకుముందు చూడలేదు. ముందు చప్పుడు వినిపించింది, ఇసుక దిబ్బ ఎక్కాక నీళ్ళు కనిపించాయి. మన చెరువుకు అవతల గట్టు ఉంటుంది, చూపు పోయి అక్కడ ఆగుతుంది. ఇక్కడ చూపు ఆగే చోటే లేదు. మామ తలపాగా తీసి మొహం తుడుచుకుని, "ఇంత నీళ్ళలో మన చేప యాడని వెతికేదిరా?" అన్నాడు.

ఒడ్డునున్న జాలర్ల పాలెంలో మాకు పోలయ్య అనే ఆయన్ని చూపించారు. ఆయనకు సొంత తెప్ప ఉంది. బావమరిది శీనయ్యతో కలిసి వేటకు పోతాడు. మామ డాల్ఫిన్ ఫిష్ కావాలని చెప్పగానే పోలయ్య మొహం మారిపోయింది.

"అది మేం పట్టమబ్బా. నీళ్ళపైకొచ్చి ఉస్సని ఊపిరి వదుల్తాది. దాన్ని చంపితే మాకు మంచిది కాదు."

"ఊపిరి సంగతి నాకు తెలీదు. మద్రాసు సేటు పేరు ఇదే చెప్పినాడు" అని మామ తన నుదుటికి అరచెయ్యి నిలువుగా ఆనించి చూపించాడు. "నుదురిట్టా ఉంటాదంట. బంగారు రంగంట."

గుడిసె ముందు చేపలు శుభ్రం చేస్తున్న పోలయ్య పెళ్ళాం ఫక్కున నవ్వింది. "ఓరి నీ ఇల్లు బంగారం కాను, పచ్చచేప గురించి చెప్తుండాడు! ఎండాకాలం తాటాకు మోపుల కింద తిరిగేది. ఆ రెండూ ఒకటి కాదన్నా."

అప్పుడు తెలిసింది, ఇంగ్లీషులో ఆ రెండింటికీ ఒకటే పేరు తగిలించారని. మీరు పోయినా డాల్ఫిన్ అనకండి, పని కాదు. పచ్చచేప అన్నా పక్క పాలెంలో అర్థం కాకపోవచ్చు, ఒక్కో చోట ఒక్కో పేరు ఉంది. నుదురు చూపించండి చాలు. కిరాయి బేరం తొందరగానే తెగింది, ఒక రోజు వేటకు ఐదు రూపాయలు. పడిన చేపలు వాళ్ళవి, ఒక్క చేప మాది. ఆ ఒక్క చేపతో మేం ఏం చేస్తామో మామ చెప్పలేదు, పోలయ్య అడగలేదు. సాయంత్రం పోలయ్య పెళ్ళాం మాకు రాగిసంకటి, చేపల పులుసు పెట్టింది. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

తెల్లవారుతుండగా బయలుదేరాం. ఆ వేళ గాలి నేల వైపు నుంచి వీస్తుంది, తెరచాప ఎత్తితే తెప్పను అదే తోసుకుపోతుంది. మధ్యాహ్నం గాలి తిరిగి మళ్ళీ ఒడ్డుకు తెస్తుంది. అందుకని ఆలస్యంగా లేచేవాళ్ళకు ఈ ప్రయాణం కుదరదు. తెప్ప అంటే పడవ అనుకుని పోకండి. దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్ళతో కట్టినది, అంతే. నీళ్ళు పక్కల నుంచి వస్తాయి, సందుల్లోంచి కూడా వస్తాయి. మోకాళ్ళ మీద కూర్చోవాలి. మామకు కాసేపటికే కడుపులో తిప్పింది. శీనయ్య తెడ్డు వేస్తూ, "పెట్టు మామా, చేపలకి మేతపెట్టు. తిని దగ్గరికొస్తాయి" అని ఏడిపించాడు. మామ తిట్టడానికి నోరు తెరిచి మళ్ళీ వంగాడు. నాకు ఏమీ కాలేదు. కింద ఎప్పుడూ ఏదో ఒకటి కదులుతూ ఉంటే నా ప్రాణం కుదుటపడినట్టు ఉంది.

ఒడ్డు సన్నటి గీత అయ్యాక పోలయ్య వాళ్ళు ముందే కట్టిపెట్టిన తాటాకు మోపు కనిపించింది. అడుగున లంగరుగా రాయి కట్టి దాన్ని నీళ్ళలో తేలేటట్టు వదిలేస్తారు. ఎండకు చిన్న చేపలు దాని నీడకు చేరతాయి, వాటి కోసం పెద్దవి వస్తాయి. పోలయ్య గాలానికి చేపముక్క గుచ్చి దారం వదిలాడు. తెప్ప ఒక చుట్టు కూడా తిరగలేదు, దారం బిగిసింది. నీళ్ళలో ఏదో పచ్చగా మెరిసింది. దాని వెనకే ఇంకొన్ని మెరుపులు తెప్ప చుట్టూ తిరుగుతున్నాయి.

"దారం పట్టుకో సామీ, అట్టే పట్టుకో" అని పోలయ్య ఆ దారం మామ చేతికిచ్చి, తన ఇంకో గాలం అందుకోవడానికి వంగాడు.

మామ ఊరికే పట్టుకుని కూర్చోలేదు. మన చెరువుల్లో చేప పడిందంటే క్షణం ఆగం. ఆగితే బురదలో దూరుతుంది, పాచిలో చిక్కుతుంది. లాగి గట్టు మీదికి విసిరేస్తాం. మామ కూడా అదే చేశాడు. రెండు చేతులా సరసర లాగి చేపను తెప్ప మీద పడేసి, మోకాలితో అదిమిపెట్టి, నడుము దగ్గర్నుంచి నూలుదారం తీశాడు.

పోలయ్య తిరిగి చూసి తల పట్టుకున్నాడు. "ఏంది సామీ ఈ పని! ఎవురు లాగమన్నారు నిన్ను?"

"మన చేపేగా. చేతికొచ్చిందాన్ని వదుల్తారా ఎవురైనా?"

"అది నీళ్ళలో ఉన్నిందాకే మిగతావి ఉంటాయి. తోడు చేపను వదిలి పోవవి. అది పైకొచ్చిందా, మంద మొత్తం పోతాది. సూడు, ఒక్కటన్నా ఉండాదా?"

చూశాం. నీళ్ళు ఖాళీ. శీనయ్య ఉమ్మేసి తెడ్డు అందుకున్నాడు. ఇటు చేప రంగు మారుతోంది. బంగారం ముందు వెండి అయింది, దాని తల నుంచి తోక దాకా మామ నూలుదారం పరిచేలోపల బూడిద రంగు వచ్చేసింది. నిక్కుకుని ఉన్న రెక్క వీపుకు అతుక్కుపోయింది. మామ దారానికి ముళ్ళు వేసుకుంటూ, "నుదురు నిలువుగా లేదే, గుండ్రంగుండాదే?" అన్నాడు.

"అది ఆడది" అన్నాడు పోలయ్య కోపంగా. "నువ్వు చెప్పే నుదురు పోతుది. అదీ ఉన్నింది ఇందాక ఆ మందలో. పంపించేసినావు."

నాకు గుంతలో నుంచి కనిపించే రొట్టెంత ఆకాశం గుర్తొచ్చింది. అప్పటికప్పుడు లేచి నడవాలనిపించింది, కానీ తెప్ప మీద నడవడానికి చోటెక్కడిది?

ఇంకో మోపు దక్షిణంగా ఉంది. అక్కడికి చేరేసరికి ఎండ మండిపోతోంది. మామ సొమ్మసిల్లినట్టు పడుకున్నాడు కాబట్టి పోలయ్య ఈసారి దారం నాకిచ్చాడు. చెరువులో చేసినట్టే దాన్ని రెండు వేళ్ళకు చుట్టుకుని కూర్చున్నాను. చేప పడినప్పుడు చెయ్యి ఊడివచ్చిందనుకున్నాను. చేప దూరంగా నీళ్ళలోంచి నిలువునా లేచింది. ముందు నుదురే కనిపించింది. గోడే. ఎవరో పలకను నిలబెట్టి, దాని వెనక చేపను అతికించినట్టుంది.

మామ లేచి కూర్చున్నాడు. "పోతుది! రేయ్ చెన్నా, లాగరా!"

"లాగొద్దు అబ్బయా!" అని పోలయ్య అరిచాడు. "మంద వచ్చింది. అట్టనే ఉంచు. శీనా, గాలం వెయ్యి!"

"కొలవాలబ్బా నేను! కిరాయిచ్చింది నేనా, నువ్వా?"

"తెప్పకిచ్చినావు సామీ కిరాయి. సముద్రానికి ఇయ్యలా."

మామ నా చేతిలోని దారం అందుకోవడానికి మోకాళ్ళ మీద వచ్చాడు. ఆ చేప అప్పటికి తెప్ప పక్కకు వచ్చింది. ఒక పక్కకు ఒరిగి, ఒక కన్నుతో పైకి చూస్తూ ఈదుతోంది. ఇది పైకి వస్తే బూడిద అయిపోతుందని నాకు తెలుసు. మామ దారం పట్టుకోబోతుంటే నా నోట్లోంచి మాట వచ్చింది. "వద్దు మామా. నన్ను చూడనియ్యి."

నేను ఎదురు చెప్పడం మామ వినడం అదే మొదటిసారి. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

పోలయ్య, శీనయ్య అటు పక్క ఒకదాని వెనక ఒకటి లాగుతున్నారు. తెప్ప ఊగిపోతోంది. నేను ఆ పోతు చేపను తప్ప ఏమీ చూడలేదు. అది తిరిగేటప్పుడు ముందు తల తిరగదు, నడుము వంగుతుంది, తల దాని వెంబడి వస్తుంది. కోపమొస్తే వీపు మీది రెక్క నెత్తి దగ్గర్నుంచి వరసగా లేస్తుంది, విసనకర్ర విప్పినట్టు. కోపం తగ్గితే తోక వైపు నుంచి వాలుతుంది. పక్కలు బంగారం, వీపు నీలం, మధ్యలో పచ్చ, ఆ పచ్చ మీద నీలం చుక్కలు. ఈదుతుంటే ఆ రంగులు కూడా ఈదుతున్నట్టే ఉన్నాయి. దారం వేళ్ళలోకి దిగిపోయిందని రక్తం నీళ్ళలో పడినప్పుడు తెలిసింది. విప్పుకోవాలంటే వదలాలి. వదల్లేదు.

చివరికి అదే పోయింది. గాలం కొక్కెం నిటారుగా సాగిపోయి, దారం ఊరికే తేలి వచ్చింది. మామ నీళ్ళ వైపు, తర్వాత నా వైపు చూశాడు. "పోయిందా? మంచిది. నువ్వు కూడా పోరా ఇంక, మీ నాయన దగ్గరికి" అన్నాడు. మధ్యాహ్నం గాలి తిరిగి తెప్పను ఒడ్డుకు చేర్చింది. తెప్ప నిండా పోలయ్య వాళ్ళ చేపలు ఉన్నాయి. మామ వద్దన్నా ఒక పోతు చేపను మాకు ఇచ్చారు, కానీ అదీ అప్పటికే బూడిద రంగే, నోరు తెరుచుకుని. దాన్నీ కొలుచుకున్నాడు.

ఒడ్డున పోలయ్య పెళ్ళాం నా వేళ్ళు చూసి మొగుడి మీద విరుచుకుపడింది. "తడిగుడ్డ చుట్టుకోమని చెప్పలేదా పిల్లోడికి?"

"వాడు అడగలా, నేను చెప్పలా. అడిగే నోరేనా అది?" అన్నాడు పోలయ్య. ఆమె కొబ్బరినూనె, పసుపు రాసి కట్టు కట్టింది. ఉలి పట్టే చెయ్యి అదే. మూడు వేళ్ళు ముడుచుకోవడం లేదు.

తిరుగు ప్రయాణం కావలిలో రాత్రి ఉండి, పొద్దున బస్సుకే. ఇంటికి రాగానే మామ చెక్క తీసుకుని కూర్చున్నాడు. దారం ముళ్ళ ప్రకారం కొలతలు గీసి, పోతు చేప నుదురు నిలువుగా పెట్టి చెక్కాడు. ఆయన చేతి పనికి వంక పెట్టేవాళ్ళు ఉదయగిరిలో లేరు. అయిపోయాక నా ముందు పెట్టి, "ఎట్టుండాది?" అన్నాడు. కొలతల్లో తప్పు లేదు. రెక్క వీపుకు అతుక్కుని, ఒళ్ళు తిన్నగా చాచుకుని ఉంది.

"ఇది చచ్చిపోయిన చేప మామా."

మామ ఉలి కింద పెట్టాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు, ఇంకో చెక్క తీసి కాళ్ళ మధ్య పెట్టుకుని, "బతికిందెట్టుండాదో చెప్పు" అన్నాడు.

నాకు చెప్పడం రాదు. మొదట ఊరికే చేత్తో గాలిలో చూపించాను. "చేతుల్తో కాదురా, కట్టుకట్టిన చెయ్యి నాకేం చెప్తాది? నోటితో చెప్పు." అప్పుడు మొదలుపెట్టాను. "ముందు నడుం వంగుతాది మామా. తల తర్వాత తిరగతాది." ఆయన చెక్కాడు. "అంత కాదు. నుదురు నిలువే గానీ నోటికాడ కొంచెం లోపలికి పోతాది." చెక్కాడు. "రెక్క నెత్తికాడ లేచుండాల, తోకకాడ పడుకోనుండాల. కోపం తగ్గుతున్నెట్టు." మామ తలెత్తి, "కోపం తగ్గేది చెక్కమంటావు, బాగుండాది" అన్నాడు కానీ అలాగే చెక్కాడు. ఆకలి వేసినా ఆగనివ్వలేదు. నేను నా జన్మలో అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడి ఉండను. కాడ మీద చేప వంపు తిరిగింది. రంగు లేదు, ఉత్త చెక్కే. అయినా పక్కకు ఒరిగి పైకి చూస్తోంది.

ఆ గరిటెను గుడ్డలో చుట్టి నెల్లూరు బస్సులో మద్రాసుకు పంపించాం. అది పోయిన వారానికి నాయన వచ్చాడు. అరుగు మీద కూర్చోకుండానే, "గుడ్డలు సర్దుకోరా, మధ్యాహ్నం బస్సుకు పోదాం" అన్నాడు.

మామ చెక్క మీద నుంచి తలెత్తలేదు. "వాడు రాడు బావా."

"ఆ చేత్తో నీకేం పని చేస్తాడు? మద్రాసోడు ఒప్పుకున్నాడా?"

"ఇంకా జవాబు రాలా. ఒప్పుకుంటే డజన్లు చెయ్యాల. చేతులు నాకుండాయి. చూసినోడు వాడు. వాడు లేకుంటే నేను మళ్ళీ చచ్చిన చేపనే చెక్కతా."

నాయన నా వైపు చూశాడు. "నువ్వేమంటావురా?"

"నేను రాను నాయనా" అన్నాను. అంతే, ఈసారి కూడా నోరు వచ్చింది. నాయన మంచినీళ్ళు తాగి మధ్యాహ్నం బస్సుకు ఒక్కడే పోయాడు.

మద్రాసు నుంచి జవాబు ఇంకా రాలేదు. బస్సు వచ్చిన ప్రతిసారీ లేచి వీధిలోకి పోతున్నాను, వేళ్ళు ఇంకా పూర్తిగా ముడుచుకోవు. చేప పైకి వచ్చి మన చేతిలో పడితే అది మనదవుతుందని అనుకుంటాం. మామ కొలిచిన రెండు చేపలూ ఆయన చేతిలోనే ఉన్నాయి, రెండూ ఆయనకు కనిపించలేదు. పోయిన చేప నాకు ఇంకా కనిపిస్తూనే ఉంది. ఇది మంచికో చెడ్డకో నాకు తెలియదు కానీ, ఇంతకుముందు ఏం కావాలో తెలియక ఊగులాడేవాడిని, ఇప్పుడు తెలిసి ఊగులాడుతున్నాను. మీరు పోవాలనుకుంటే ఎండాకాలంలో, సముద్రం సద్దుమణిగి ఉన్నప్పుడు పోండి. తెప్ప బేరం చేసేటప్పుడే ఒక్క ముక్క తేల్చుకోండి: చేపను తినడానికి వచ్చారా, చూడడానికి వచ్చారా. చూడడానికైతే అది నీళ్ళలోనే ఉండాలని ముందే చెప్పండి. నాలాగా మాట్లాడలేనివాళ్ళయినా సరే, ఆ ఒక్క మాట ఒడ్డు మీద ఉండగానే చెప్పెయ్యండి.